ఇవి మా నానమ్మ కళ్లు కావు

మా నానమ్మవి పెద్ద కళ్లు. ఉద్దానంలో మా ఊరి చుట్టుపక్కల ఆవిడ పేరు తెలియనివాళ్లు కూడా "ఆ పెద్ద కళ్లావిడ" అంటే పోల్చుకునేవారు. నేను పుట్టినరోజే నావి అచ్చం నానమ్మ కళ్లని మంత్రసాని తేల్చేసిందట. అందుకే నలభై ఒకటో ఏట నా కళ్లు ముందుకు పొడుచుకురావడం మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. "వయసు మీద పడేకొద్దీ నానమ్మ పోలిక బయటికొస్తోంది" అంది అమ్మ, కాస్త మురిపెంగానే. ఆ మురిపెంలో నేనూ పడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

విశాఖపట్నంలో హైస్కూలు లెక్కల టీచర్ని నేను. ముందు తేడా కనిపెట్టింది తొమ్మిదో క్లాసు పిల్లలు. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగితే చాలు, క్లాసంతా గప్‌చుప్. పదహారేళ్ల సర్వీసులో ఎన్నడూ రాని క్రమశిక్షణ ఒక్కసారిగా వచ్చేసరికి నా బోధన మెరుగుపడిందనుకున్నాను. చివరికి మొదటి బెంచీ పిల్ల ఒకతె భయంభయంగా అడిగింది: "టీచర్, మేమేం చేశాం? ఎందుకలా గుడ్లురిమి చూస్తున్నారు?" నేనేమీ ఉరమలేదు. నా పై రెప్పలు పైకి లాక్కుపోయి, నల్లగుడ్డుకి పైన తెల్లటి గీత కనబడుతోంది. అంతే.

మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. గుండె దడ, చెమటలు, సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణకడం, కడుపునిండా తింటున్నా ఏడు కిలోలు తగ్గడం. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, గాలి తగిలితే నీళ్లు. మా వీధి చివర డాక్టరు అలర్జీ అన్నారు. ఆయనిచ్చిన చుక్కల మందు నాలుగు సీసాలు అయ్యాయి. ఒక సాయంత్రం మద్దిలపాలెం జంక్షన్లో నిలబడితే వస్తున్న బస్సు మీద ఇంకో బస్సు కనిపించింది. పక్కన కాదు, మీద. అప్పుడు భయం వేసింది.

రక్తపరీక్షలో, థైరాయిడ్‌ని పని చెయ్యమనే హార్మోను టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. గ్రేవ్స్ జబ్బు అన్నారు థైరాయిడ్ డాక్టరు, థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు. కంటి డాక్టరు దగ్గరికి పంపితే ఆవిడ పరీక్షలకన్నా ముందు అడిగింది పాత ఫోటోలు. "పెళ్లి ఆల్బం తెచ్చుకోండి, ఇంకా రెండు మూడు కావాలి, ముఖం ఎదురుగా ఉన్నవి" అంది.

2004 నాటి జీలకర్ర బెల్లం ఫోటో మీద ఆవిడ పెన్ను కొన పెట్టి చూపించింది. పై రెప్ప నల్లగుడ్డు పై అంచుని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంది. అందరికీ ఉండేదే. 2016లో మా ఫ్లాటు గృహప్రవేశం ఫోటోలోనూ అంతే. 2021లో మా పెదనాన్న కొడుకు పెళ్లి ఫోటోలో ఎడమ కంట్లో సన్నటి తెల్లటి గీత. ఆ ఫోటో మా ఇంట్లో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం. రోజూ చూస్తూనే ఉన్నాం. తర్వాత రెండు కళ్ల బయటి ఎముకల మీద స్కేలులాంటి పరికరం ఒకటి ఆనించి, దాని అద్దంలో కళ్లు పక్క నుంచి ఎంత ముందుకొచ్చాయో కొలిచింది. కుడి 20 మిల్లీమీటర్లు, ఎడమ 23. "ఇవి మీ నానమ్మ కళ్లు కావమ్మా" అంది, నేను అప్పటికే ఆ కథంతా చెప్పేశాను కాబట్టి.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. నానమ్మ పోలిక కాదని తేలింది కదా, మరి జబ్బు ఎవరి నుంచి వచ్చినట్టు? మా పిన్నికి థైరాయిడ్ మాత్రలు, నాన్న తరపు అత్తకి ఎప్పుడో మెడ వాపు. ఎవరి వైపు నుంచి వచ్చిందో తేల్చాలని అందరికీ పట్టుదల. చిక్కేమిటంటే మా అమ్మానాన్నలది మేనరికం, అమ్మ స్వయానా నానమ్మ తమ్ముడి కూతురు. ఎవరి వైపు అని తేల్చడానికి మా ఇంట్లో రెండు వైపులు లేవు.

మేనరికం మాట రాగానే అందరూ "అదీ సంగతి" అన్నట్టు తలాడించారు. మన దగ్గర ఏ జబ్బు పేరు చెప్పినా ఆసుపత్రిలో అడిగే రెండో ప్రశ్న అదే కాబట్టి ఆ తలాడింపుని తప్పు పట్టలేను. కానీ మేనరికం పెద్ద పట్టింపు అయ్యేది, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే చెడ్డ జీన్ వచ్చి రెండూ కలిస్తేనే బయటపడే జబ్బుల్లో. గ్రేవ్స్ ఆ కోవలోది కాదు. దీని వెనక ఒక జీన్ లేదు, చిన్న చిన్న వాటాలతో చాలా ఉన్నాయి. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుంపు ఉంది. లోపలికొచ్చిన ముక్కల్ని పళ్లెంలో పెట్టి రక్షణ కణాలకి చూపించే పని దానిది. రెండో క్రోమోజోము మీద సీటీఎల్‌ఏ-4 ఉంది, ఆ రక్షణ కణాలకి బ్రేకు లాంటిది. ఇవి కాక పీటీపీఎన్22, సీడీ40, థైరోగ్లోబ్యులిన్, పద్నాలుగో క్రోమోజోము మీద టీఎస్‌హెచ్ రిసెప్టర్ జీన్. ఒక్కోదాంట్లో వచ్చే మార్పు రిస్కుని కాస్త జరుపుతుంది, అంతకన్నా చెయ్యదు. వీటిలో చాలావాటిని ఊళ్లో ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లు కూడా మోస్తూనే ఉంటారు.

ఈ రిసెప్టర్ గురించి ఒక్క మాట, తర్వాత పనికొస్తుంది. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ పంపితే అది వచ్చి థైరాయిడ్ తలుపు మీది కాలింగ్ బెల్ నొక్కుతుంది. ఆ బెల్లే ఈ రిసెప్టర్. గ్రంథి లేచి పని చేస్తుంది. గ్రేవ్స్‌లో మన సొంత యాంటీబాడీలే ఆ బెల్ మీద వేలు పెట్టి తియ్యవు. బెల్ మోగుతూనే ఉంటుంది. అసలు చిక్కు, కంటి వెనక కొవ్వులోనూ కండరాల మధ్యా ఉండే ఫైబ్రోబ్లాస్టులనే కణాలకి కూడా అదే రకం బెల్ ఉండటం. అక్కడ మోగితే ఆ కణాలు హయాలురోనిక్ యాసిడ్ తయారుచేస్తాయి. అవును, ముఖానికి రాసుకునే సీరం సీసాల మీద ఉండే పేరే. నీటిని పట్టి ఉంచుతుందనే దాన్ని చర్మానికి వాడతారు. నాకది కంటి వెనక ఉచితంగా తయారైంది. కన్ను కూర్చునే ఎముక గూడు మొత్తం సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు టీ చెంచాలు. ఎముక సాగదు. వెనక వాపొస్తే కన్ను పోగలిగిన దారి ముందుకే. కొందరిలో వాపు వెనక నుంచి కంటి నరాన్ని నొక్కేస్తుంది, అప్పుడు చూపే పోవచ్చు.

మళ్లీ వంశం దగ్గరికొస్తాను. డాలస్‌లో ఉన్న మా పెదనాన్న మనవడు నా సంగతి విని వెంటనే వాట్సాప్‌లో ఒక వార్త పంపాడు: గ్రేవ్స్‌కి కారణం 79 శాతం జన్యువులేనట. కింద ఒక దణ్ణం బొమ్మ. ఆ అంకె అబద్ధం కాదు. 2001లో డెన్మార్క్ కవలల మీద అచ్చయిన అధ్యయనంలోది. అదే అధ్యయనంలో ఇంకో రెండు అంకెలున్నాయి, వాటిని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి గ్రేవ్స్ ఉంటే రెండోవాళ్లకీ ఉన్నది 35 శాతం జంటల్లోనే. మామూలు కవలల్లో అది 3 శాతం. రెంటికీ అంత తేడా ఉందంటే రక్తసంబంధం పాత్ర గట్టిగానే ఉంది. అయినా జన్యువులన్నీ ఒకటే అయినవాళ్లలో కూడా మూడింట రెండు వంతుల జంటల్లో రెండో మనిషి తప్పించుకుంది.

79 శాతం, 35 శాతం రెండూ ఎలా నిజమవుతాయని మా స్టాఫ్‌రూమ్‌లో బయాలజీ మేడం కూడా అడిగింది. మా క్లాసు లెక్కలోనే చెప్పాను. నలభై మంది పిల్లలకి ఒకే టీచరు, ఒకే పుస్తకం, ఒకే గంటలు. మార్కుల్లో తేడాలు ఎందుకొచ్చాయని లెక్క తీస్తే ఎక్కువ వాటా పిల్లల సొంత తెలివికే పోతుంది. అలాగని టీచరుతో పని లేదనరు కదా? టీచరు అందరికీ ఒకటే కాబట్టి ఆ తేడాల లెక్కలో ఆవిడ కనబడదు. 79 అనేది జనంలోని తేడాల వాటా. ఒక మనిషికి జబ్బు వచ్చే అవకాశం కాదు, తప్పించుకోలేనంత తలరాత అసలే కాదు.

ఇంకో సంగతి, ఈ గొడవలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ అంకెలన్నీ థైరాయిడ్‌వి. కంటివి కావు. గ్రేవ్స్ వచ్చినవాళ్లందరికీ కళ్లకి రాదు. దాదాపు నలుగురిలో ఒకరి నుంచి పదిమందిలో నలుగురి దాకా వస్తుంది, తీవ్రంగా వచ్చేది చాలా కొద్దిమందికే. మరి ఎవరికి కంటికి ఎక్కుతుంది, ఎవరికి గొంతుతో ఆగుతుంది అన్నది జన్యువులు చెబుతాయా? చాలామంది వెతికారు. సీటీఎల్‌ఏ-4లో దొరికిందని ఒకరంటే మాకు దొరకలేదని ఇంకొకరన్నారు. అమెరికాలో తీవ్రమైన కంటి జబ్బున్న 114 మంది కుటుంబాలని తవ్వి చూసి 2000లో ఒక బృందం రాసింది. మూడో వంతుకి పైగా ఇళ్లలో థైరాయిడ్ జబ్బులున్నాయి. తీవ్రమైన కంటి జబ్బు మాత్రం ముగ్గురి బంధువుల్లోనే, అదీ దూరపు వరసలో. వాళ్లు తేల్చింది, థైరాయిడ్ జబ్బుకి వంశం దోహదం చేస్తే చెయ్యవచ్చు గానీ అది కంటికి పాకడానికి కారణం బయటెక్కడో వెతకాలని.

బుష్ దంపతుల కథ నాకిక్కడ ఎప్పుడూ గుర్తొస్తుంది. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్, ఆయన భార్య బార్బరా. 1989లో ఆవిడకి గ్రేవ్స్ బయటపడింది, కళ్లకీ పాకింది, ఒకటి రెండుగా కనిపించేది. 1991 మేలో ఆయన క్యాంప్ డేవిడ్‌లో జాగింగ్ చేస్తుంటే గుండె లయ తప్పింది, చూస్తే ఆయనకీ అదే గ్రేవ్స్. వాళ్ల కుక్క మిల్లీకి అప్పటికే లూపస్, అదీ ఒంటి రక్షణ ఒంటి మీదే తిరగబడే జబ్బే. వాళ్లు కాపురమున్న ఇళ్లలో నీళ్లు పట్టుకెళ్లి అయోడిన్, లిథియం ఉన్నాయేమోనని పరీక్షించారు. ఏమీ దొరకలేదు. కాకతాళీయమని వదిలేశారు, అయ్యుండవచ్చు కూడా. నాకు నచ్చింది వాళ్లు ముందు నీళ్లు పరీక్షించడం. మొగుడూ పెళ్లాలకి రక్తసంబంధం లేదు, కాబట్టి ఇల్లు వెతికారు. మనం ఇల్లు వదిలేసి వంశవృక్షం గీస్తాం.

అంతలో మా మనవడు ఊరుకోకుండా జన్యు పరీక్ష కిట్ ఒకటి పంపాడు. చిన్న గొట్టంలో ఉమ్మి వెయ్యాలి. ఉమ్మి వేశాను, పిల్లాడి మనసెందుకు నొప్పించాలని. ఆరు వారాలకి రిపోర్టు వచ్చింది, రంగురంగుల బొమ్మలతో. ఆటోఇమ్యూన్ థైరాయిడ్ రిస్కు "సగటు" అట. అప్పటికి నా ఎడమ కన్ను రాత్రి పూర్తిగా మూసుకోక టేపు అంటించుకుని పడుకుంటున్నాను.

కిట్ అబద్ధం చెప్పిందనను. అది లెక్కపెట్టింది ఎక్కువగా తెల్లవాళ్ల మీద జరిగిన పరిశోధనలతో. వాళ్లలో గ్రేవ్స్‌తో ముడిపడ్డ పీటీపీఎన్22 మార్పు ఉత్తర ఐరోపాలో మామూలుగా కనిపిస్తుంది, ఆసియాలో చాలా అరుదు. హెచ్‌ఎల్‌ఏలో వాళ్లకి డీఆర్3 అనే భాగం ముఖ్యమైతే, చైనా, జపాన్ వాళ్లలో డీపీ అనే ఇంకో భాగం పైకొచ్చింది. ఒకరి రాశిచక్రం ఇంకొకరికి చూసినట్టుంది ఈ పని. ఇంతకన్నా పదునైన లెక్క ఒకటి తెలుసుకున్నాను. 1992లో బ్రిటన్‌లో గ్రేవ్స్ ఉన్నవాళ్లని చూస్తే యూరోపియన్లలో 42 శాతానికి కళ్ల జబ్బు, ఏషియన్లలో 7.7 శాతానికే. (బ్రిటన్‌లో ఏషియన్ అంటే మామూలుగా మన ఉపఖండం వాళ్లని.) మన జాతికి కళ్లకి రాదులే అనుకోవడానికి ఎంత తేలిక! 2014లో లక్నో సంజయ్ గాంధీ పీజీఐ వాళ్లు తమ దగ్గరికొచ్చిన గ్రేవ్స్ రోగుల లెక్క అచ్చువేశారు. 28 శాతానికి కళ్ల జబ్బు ఉంది, ఎక్కువ భాగం తేలికపాటివే. 7.7 ఎక్కడ, ఇరవై ఎనిమిది ఎక్కడ? జన్యువులు విమానం దిగి మారిపోవు. ఎవరిని లెక్కపెట్టారు, ఎంత జాగ్రత్తగా కన్ను చూశారు, ఎవరు ఏం తాగుతున్నారు, ఇవే మారాయి. మనకి తేలికగా వస్తుందన్న నమ్మకమే మా వీధి డాక్టరు చేత నాలుగు సీసాల చుక్కలు వేయించిందేమోనని నా అనుమానం.

ఎవరు ఏం తాగుతున్నారు అన్నాను కదా. కంటి డాక్టరు నా వంశం గురించి ఒక్క ప్రశ్న అడిగి వదిలేసింది. సిగరెట్ గురించి మాత్రం మూడుసార్లు అడిగింది. నేను తాగనన్నాను. "ఇంట్లో?" అంది. మా ఆయన పక్కనే కూర్చున్నారు. ఆయన రోజుకి పది, పన్నెండు. పెళ్లయిన దగ్గర్నుంచీ. మొదట్లో హాల్లోనే, బాబు పుట్టాక బాల్కనీలో. మా ఫ్లాటుకి సముద్రం గాలి ఎదురు, బాల్కనీలో వదిలిన పొగ నేరుగా పడగ్గదిలోకే వస్తుంది. కిటికీ తెర దగ్గర వాసన చూస్తే తెలిసేది.

1993లో నెదర్లాండ్స్‌లో ప్రుమెల్, వియర్సింగా అనే ఇద్దరు డాక్టర్లు చూసిన లెక్క ఇది. పొగతాగేవాళ్లకి కళ్లు బాగున్న గ్రేవ్స్ వచ్చే అవకాశం తాగనివాళ్లకన్నా సుమారు రెండు రెట్లు. కంటి జబ్బుతో కూడిన గ్రేవ్స్ అయితే ఏడు రెట్లకు పైనే. అదే సిగరెట్, గొంతుకి రెండు, కంటికి ఏడు. కంటి జబ్బు విషయంలో ఇంత పెద్ద అంకె ఏ జీన్‌కీ రాలేదు. తాగేవాళ్లలో జబ్బు ముదురుతుంది, మందులకి సరిగ్గా లొంగదు. పక్కవాడి పొగ సంగతికొస్తే, ఐరోపాలో గ్రేవ్స్ వచ్చిన పిల్లల మీద జరిగిన సర్వేలో టీనేజి పిల్లలు ఎక్కువగా పొగతాగే దేశాల్లోనే కంటి జబ్బూ ఎక్కువ కనిపించింది. ఆ పిల్లల్లో కొందరు పదేళ్లలోపు వాళ్లు, వాళ్లేం తాగుతారు? ఇంట్లో పొగే అని డాక్టర్లు అనుమానిస్తున్నారు. నా ఒక్కదాని విషయంలో ఏది ఎంత చేసిందో ఎవరూ కొలిచి చెప్పలేరు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ రెండు అనుమానితులున్నప్పుడు, ఒకటి మార్చలేనిది, రెండోది బాల్కనీలో నిలబడి ఉన్నది, పోలీసు ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి?

ఇక్కడ మా పిన్ని ఎప్పుడూ ఒక ప్రశ్న వేస్తుంది. "మీ నానమ్మ జీవితమంతా అడ్డపొగ తాగింది. కళ్లు బయటికొచ్చాయా?" తెలియనివాళ్లకి: మా శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆ తరం ఆడవాళ్లు చుట్టని తిరగేసి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని పీల్చేవారు. నానమ్మ వరి కోతల్లో వంగి పనిచేస్తూ కూడా పెదవుల మధ్య చుట్ట కదలనిచ్చేది కాదు. గాలికి ఆరదు, బూడిద రాలదు, చేతులు ఖాళీగా ఉంటాయి అనేది. అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పిన్నికి నా జవాబు గుణకారం. ఏడు రెట్లు అంటే దేనికి ఏడు రెట్లు? నానమ్మకి గ్రేవ్స్ రాలేదు. సున్నాని ఏడుతో హెచ్చవేసినా సున్నానే. నా దగ్గర సున్నా కాని అంకె ఏదో ఉంది, అది వంశం ఇచ్చిందేమో, ఒప్పుకుంటున్నాను. దాన్ని నేను చెరపలేను. హెచ్చవేసే అంకె ఉంది చూశారా, దాన్ని తియ్యవచ్చు. (ఈ పోలిక మా బయాలజీ మేడం ఒప్పుకోలేదు. ఒంట్లో ఏదీ అంత శుభ్రంగా గుణకారం కాదట. నిజమే.)

మార్చగలిగినవి ఇంకా ఉన్నాయి, అవి తెలియక దెబ్బ తినేదాన్ని. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన ఒక చోట, పేరెందుకు, పెద్దాయన నా ఫైలు తిప్పి "రేడియో అయోడిన్ ఒక డోసు తాగేయండి, థైరాయిడ్ పీడా వదులుతుంది" అన్నారు. థైరాయిడ్‌ని లోపలి నుంచి మాడ్చేసే మందు అది. నా ముఖంలోకి చూడలేదు, ఇంట్లో పొగ మాట అడగలేదు. ఇటలీలో 443 మంది మీద చేసి 1998లో అచ్చయిన పరీక్ష ఉంది. కళ్లు బాగున్నవాళ్లూ, కాస్త బాగాలేనివాళ్లూ రేడియో అయోడిన్ తీసుకుంటే 15 శాతం మందికి కంటి జబ్బు కొత్తగా వచ్చింది లేదా ముదిరింది. మాత్రలతో ఉన్నవాళ్లలో 3 శాతం. అయోడిన్‌తో పాటు స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ ముదరలేదు. ఆ మందు చెడ్డదని కాదు, ఎంతోమందికి బాగుచేసింది. నాలాగా కళ్లు మండుతున్న దశలో ఉన్నదానికి కన్ను చూడకుండా రాసే మందు మాత్రం కాదు. ఏ జన్యువుకీ ఆ చీటీతో సంబంధం లేదు. థైరాయిడ్ అటు ఎక్కువా ఇటు తక్కువా ఊగిసలాడినా కళ్లకి మంచిది కాదు. అందుకే నాకు మాత్రలతోనే నెలనెలా పరీక్ష చేస్తూ సరిచేశారు.

తర్వాత పన్నెండు శుక్రవారాలు ఆసుపత్రిలో. మొదటి ఆరు వారాలు మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ సగం గ్రాము చొప్పున, తర్వాత ఆరు వారాలు పావు గ్రాము చొప్పున, మొత్తం నాలుగున్నర గ్రాములు సెలైన్‌లో. ముందు షుగరు, లివర్ పరీక్షలు. శుక్రవారం రాత్రి నిద్ర రాదు, శనివారం ఆకలి ఆగదు. పన్నెండో వారానికి ఒకటి రెండుగా కనిపించడం ఆగింది. ఎడమ కన్ను 23 నుంచి 21కి వచ్చింది. పూర్తిగా వెనక్కి వెళ్లలేదు. ఈ జబ్బు కొన్నాళ్లు మండి, తనంతట తనే చల్లారుతుంది, కానీ చల్లారినా మచ్చ మిగులుతుంది. మండే రోజుల్లో పట్టుకుంటే మచ్చ చిన్నది. నా ఎనిమిది నెలలు గుర్తొచ్చి కడుపు మండేది ఇక్కడే. డాలస్ మనవడు టెప్రోటుముమాబ్ గురించి అడిగాడు, 2020 జనవరిలో అమెరికాలో ఈ కంటి జబ్బుకి అనుమతి వచ్చిన మందు, మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది ఇంజెక్షన్లు. కళ్లు నిజంగానే వెనక్కి వెళ్తాయట. కొందరికి వినికిడి తగ్గుతుంది, షుగర్ పెరుగుతుంది. ధర విన్నాక మా ఆయన, నేను ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆయన సంగతి చెప్పాలి. డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రి బాల్కనీలోకి వెళ్లలేదు. రెండు వారాలు నిలబడ్డారు, మళ్లీ మొదలెట్టారు, అపార్ట్‌మెంట్ గేటు బయటికెళ్లి. చొక్కా వాసన పట్టిచ్చేది. నేను అరిచాను, ఆయనా అరిచారు. "నా వల్లే వచ్చిందంటావా? మీ పిన్నికి లేదా, మీ అత్తకి లేదా?" అన్నారు. మా వంశం ఆయనకి ఎంత ఉపయోగపడిందో అప్పుడు అర్థమైంది. రక్తంలో ఉందంటే ఎవరూ ఏమీ మానక్కర్లేదు. మా అమ్మ మురిపెం, వీధి డాక్టరు తేలిక, మా ఆయన మొండితనం మూడూ ఒకే గొడుగు కింద దాక్కున్నాయి. అరిచాక వారం రోజులకి నికోటిన్ గమ్ డబ్బా తెచ్చుకున్నారు. ఇప్పటికి పదకొండు నెలలు. లెక్క నేను పెట్టుకుంటున్నాను, ఆయనకి చెప్పకండి.

మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. పోయిన నెల ఒక మంచి సంబంధం వచ్చింది, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. నిశ్చయ తాంబూలాల దాకా వచ్చాక వాళ్లెవరో నా ఫోటో చూసి మధ్యవర్తిని అడిగారట, "పిల్ల పిన్నిగారి కళ్లు అలా ఉన్నాయేంటి, ఇంటి జబ్బా?" అక్క ఫోన్‌లో ఏడ్చింది. "నువ్వు పెళ్లికి కళ్లజోడు పెట్టుకుంటావా?" అని కూడా అడిగింది, అడిగినందుకు మళ్లీ ఏడ్చింది. పిల్లకి ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష చేయిస్తే సరిపోతుందని, అది వాళ్లకి దాచకుండా చెప్పమని చెప్పాను. అక్క కూతురికి ఇది వచ్చే అవకాశం పక్కింటి పిల్లకన్నా కాస్త ఎక్కువే, అందులో దాచడానికేముంది. కళ్లజోడు పెట్టుకోనన్నాను. "వాళ్లు ఒకటి అడిగారు కాబట్టి మనమూ ఒకటి అడగొచ్చు కదక్కా, అబ్బాయి సిగరెట్ తాగుతాడేమో కనుక్కో" అన్నాను.

రెండు రోజులు అటు నుంచి చప్పుడు లేదు. మూడో రోజు మధ్యవర్తి ఫోన్ చేశాడు. "అబ్బే, అలవాటంటూ ఏమీ లేదండీ. ఫ్రెండ్స్‌తో ఎప్పుడైనా ఒకటీ అరా, అంతేనట." అక్క స్పీకర్ ఆన్ చేసింది. మా ఆయన వింటున్నారు. "ఒకటీ అరా అంటే రోజుకి పది" అన్నారు గమ్ నములుతూ.